తీశావా?

మా గ్రూపులో ఎవరికీ పేరు లేదు. నేను గుండుసూదిని. ఇంకొకడు కాకి, ఒకడు నత్త, మరొకడు పాత టైరు. అందరం లిఫ్టులు బాగుచేసేవాళ్ళమే. అంతకుమించి ఒకరి గురించి ఒకరికి తెలిసింది సున్నా. ఏ కంపెనీ, ఏ ఊరు, వయసెంత, ఆడా మగా, ఏదీ అడగకూడదు, చెప్పకూడదు. అది మొదటి నియమం. రెండోది వైరు గురించి. అది అర్థం కావాలంటే లిఫ్టు సంగతి కాస్త చెప్పాలి.

తలుపు సరిగా పడకపోతే లిఫ్టు కదలదు. అన్ని అంతస్తుల తలుపుల లాకుల గుండా ఒకే కరెంటు దారి వెళ్తుంది. ఎక్కడ ఒక్క లాకు ఊడినా ఆ దారి తెగి లిఫ్టు ఆగిపోతుంది. జనం ప్రాణాలు కాపాడేది ఆ దారే. అయితే ఏ అంతస్తు లాకు పాడైందో తెలియాలంటే మేం మేడ మీద మోటారు గదిలో ప్యానెల్ తెరిచి, ఒక వైరు ముక్కతో ఆ దారికి అడ్డదారి కడతాం. అప్పుడు తలుపులు తెరిచి ఉన్నా లిఫ్టు ఆడుతుంది. పని కాగానే వైరు పీకెయ్యాలి. పీకడం మర్చిపోతే ఏమీ కాదు. లిఫ్టు బ్రహ్మాండంగా ఆడుతుంది, ఫిర్యాదు కూడా రాదు. ఎవరో ఒకరు తలుపు తీసి, లిఫ్టు ఎదురుగా ఉందనుకుని కాలు లోపల పెట్టేదాకా.

మర్చిపోవడమెలా అని మీరడగొచ్చు. చాలా తేలిక. లిఫ్టు కదలగానే మెకానిక్ మనసు తేలికపడుతుంది. కింద జనం అమ్మయ్య అంటారు. అంతలో ఫోన్ మోగి ఇంకెక్కడో ఎవరో ఇరుక్కుపోయారంటారు. ప్యానెల్ మూత పడుతుంది, సంచి భుజానికెక్కుతుంది, వైరు లోపలే ఉండిపోతుంది.

అందుకని మా గ్రూపులో ఒక పద్ధతి. వైరు వేసినవాడు ‘వేశాను’ అని పెట్టాలి. పీకాక ‘తీశాను’ అని పెట్టాలి. ఈ రెండింటి మధ్య ఎవడైనా సరే వాణ్ణి పీక్కు తినొచ్చు. ‘ఏరా, తీశావా?’, ‘నిద్రపోయావట్రా?’, ‘నీ మతిమరుపు మండ, పైకెళ్ళి చూడు!’ ఇవతల ఉన్నది ఎవరో అవతలివాడికి తెలియదు కాబట్టి మర్యాద అనే బెడద లేదు. పాత టైరు ఆడమనిషేమోనని నాకు మొదట్నుంచీ అనుమానం. అయినా సరే, ఏరా!

ఈ నసలో మొనగాడు చాదస్తం. ఆ పేరు తనే పెట్టుకున్నాడు. మనం ‘తీశాను’ అన్నాక కూడా వదలడు. ‘చూసి చెబుతున్నావా, గుర్తుతో చెబుతున్నావా? గుర్తుతో చెప్పకురా, చూసి చెప్పు’ అంటాడు. వాడి మీద ఎన్నిసార్లు పళ్ళు నూరుకున్నానో లెక్కలేదు. అయినా మళ్ళీ ప్యానెల్ తెరిచి చూసేవాణ్ణి. వైరు కురచగా ఉండకూడదని, ఎర్రదై ఉండాలని, ప్యానెల్ మూత పడనంత పొడుగ్గా ఉండాలని మాకందరికీ నేర్పింది వాడే. పాత టైరైతే వాడి పోరు వల్లే ఒకసారి సగం దారిలోంచి వెనక్కెళ్ళి వైరు పీకి, ఆ సంగతి దాచకుండా గ్రూపులో చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఎవరో తెలియదు కాబట్టే చెప్పగలిగింది, ఎవరో తెలియదు కాబట్టే మేం నమ్మాం.

మా కంపెనీకీ ఒక గ్రూపుంది. అందులో అందరికీ పేర్లున్నాయి, ఫొటోలున్నాయి, హోదాలున్నాయి. నిజమే లేదు. మా సూపర్‌వైజరు వారానికోసారి ‘మన సంస్థలో వైరు మరచిపోవుట అన్నది జరగదు, జరగరాదు, గమనించగలరు’ అని పెడతాడు. మేమందరం కింద బొటనవేళ్ళు పెడతాం. ఆ వేళ్ళలో కొన్ని ఏ మోటారు గదిలోకి ఎంత కంగారుగా వెనక్కి పరిగెత్తాయో నాకు తెలుసు. తెలిసి నా వేలు కూడా నేను పెడతాను.

సూపర్‌వైజరు రిటైర్‌మెంటుకి దగ్గర పడ్డ మనిషి. ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు ఉండాల్సిందే, దాని పిడికి తెల్ల టేపు చుట్టి ఉంటుంది. నోరు తెరిస్తే గ్రాంథికం. ఆయన ఇంట్లో భార్యని మంచినీళ్ళు కూడా రాతపూర్వకంగా అడుగుతాడని మేం నవ్వుకునేవాళ్ళం.

ఆ రోజు పొద్దున చాదస్తం గ్రూపులో ఒక ప్రశ్న పెట్టాడు. ‘పాతకాలం లిఫ్టు, చేత్తో లాగి తెరిచే తలుపులు. మూడో అంతస్తు లాకు అరిగింది, లిఫ్టు లేకపోయినా తలుపు ఊడొస్తోంది. ఇక్కడికొచ్చేవాళ్ళకి చూపు సరిగా ఆనదు, తడుముకుంటూ వచ్చి తలుపు లాగుతున్నారు. ఈ రకం లాకు ఎవరి దగ్గరైనా ఉందా?’ తన దగ్గరుందని కాకి అన్నాడు. ఉన్నా ఏం లాభం, ఎవరికి పంపాలో తెలియదు కదా. కొలతలు చెప్పాడు, దగ్గర్లో ఎక్కడైనా చేయించుకోమన్నాడు. కాసేపటికి చాదస్తం ‘వేశాను’ అని పెట్టాడు.

అంతే. ఆ తర్వాత చప్పుడు లేదు.

మొదట మాకు పండగలా అనిపించింది. ఇన్నాళ్ళూ మా ప్రాణాలు తోడినవాడు ఇప్పుడు మా చేతికి చిక్కాడు. ‘ఏరా చాదస్తం, తీశావా?’ అన్నాడు నత్త. ‘చూసి చెప్పు, గుర్తుతో చెప్పకు’ అన్నాను నేను. కాకి అయితే వాడి మాటలే వాడికి వరసగా అప్పజెప్పాడు. నేను అన్నం ముందు కూర్చుని నవ్వుకుంటుంటే మా ఆవిడ చూసింది.

“నేను పిలిస్తే వినపడదు గానీ, ఫోన్లో ఎవడో ‘ఏరా’ అంటే మాత్రం ముఖం వెలిగిపోతుంది,” అంది.

“వాడు నన్ను అనలేదు. నేనే వాణ్ణి అన్నాను.”

“అదేదో నన్నూ ఓసారి అనండి, నేనూ అనొచ్చు తిరిగి,” అని కూర వడ్డించి వెళ్ళింది.

అన్నం తిని చెయ్యి కడుక్కునే సరికి నా నవ్వు పోయింది. వాడింకా పలకలేదు. గ్రూపులో కూడా వెటకారాలు తగ్గిపోయాయి. చాదస్తం మర్చిపోయే మనిషి కాడు. ‘వాడికేమైనా అయిందేమో’ అని పాత టైరు రాసింది. ‘ఫోన్లో ఛార్జింగు అయిపోయి ఉంటుంది’ అన్నాడు నత్త. అయిపోతే అయిపోనీ, కానీ అక్కడ వైరు? కళ్ళు కనపడనివాళ్ళు తడుముకుంటూ లాగే ఆ మూడో అంతస్తు తలుపు?

నాకు తిక్క రేగింది. ఇంత నమ్మకమట, ఇంత స్నేహమట, వాడెక్కడున్నాడో ఒక్కడికీ తెలియదు! తలుపు ఎక్కడుందో తెలిస్తే ఎవడో ఒకడు పరిగెత్తేవాడు. పేరు లేకపోవడం వల్లే గ్రూపు నిలబడిందని ఇన్నాళ్ళూ గొప్పలు పోయాం. ఇప్పుడు ఆ పేరు లేకపోవడమే అడ్డంగా కూర్చుంది.

‘చూపు ఆననివాళ్ళంటే అది కంటాసుపత్రి అయ్యుంటుంది’ అని రాశాను. ‘ఎవరి ఊళ్ళో వాళ్ళకి లిఫ్టులన్నీ తెలుసు. పాత లిఫ్టున్న కంటాసుపత్రి ఎవరి ఊళ్ళో ఉందో చెప్పండి. ఎవరి ఊరేదో చెప్పండి.’

ఎవరూ కిక్కురుమనలేదు. చదివినట్టు గుర్తులు మాత్రం ఒక్కొక్కటే పడ్డాయి. నాకు కారణం తెలుసు. ఇలాంటిదే వేరే గ్రూపులోకి ఒక కంపెనీ దొంగపేరుతో మనిషిని దింపి, మర్చిపోయానని ఒప్పుకున్నవాళ్ళ ఉద్యోగాలు ఊడగొట్టింది. మాలో ప్రతి ఒక్కడూ ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి ఒప్పుకున్నవాడే. కాసేపటికి నత్త రాశాడు: ‘గుండుసూదీ, ఊరు అడుగుతున్నావు. నువ్వెవడివో మాకేం తెలుసు?’

వాడి మాట సబబే. అందుకే ఒళ్ళు మండింది.

నా పేరు ఇంటిపేరుతో సహా రాశాను. కంపెనీ పేరు రాశాను. ఊరు రాశాను. ఉద్యోగం గుర్తింపు కార్డు ఫొటో తీసి అదీ పెట్టాను. ‘నన్ను పట్టిస్తే పట్టించండి. ముందు ఆ వైరు దొరకాలి’ అన్నాను. కంపెనీ పనుల గురించి బయటివాళ్ళతో మాట్లాడితే ఉద్యోగం తీసేస్తామని మాచేత సంతకం పెట్టించుకున్నారు. ఇల్లు నడిచేది ఆ జీతంతోనే.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి నా ముఖమే చూస్తోంది. “ఏం చేశారు?” అంది.

“నా పేరు చెప్పాను.”

“పేరు చెప్పినందుకేనా ఇంత చెమట?” అంది.

అప్పుడు పాత టైరు తన పేరూ ఊరూ పెట్టింది. నా అనుమానం నిజమే, ఆడమనిషే, నాకంటే బాగా పెద్దావిడ. తర్వాత కాకి. ఆ తర్వాత నత్త, వెనకే మిగతావాళ్ళు. ‘మా ఊళ్ళో రెండు కంటాసుపత్రులున్నాయి, రెండూ కొత్త లిఫ్టులే, అయినా వెళ్ళి చూస్తాను’ అని ఒకరు, ‘బండి తీస్తున్నా’ అని ఇంకొకరు. ఎవరికి వాళ్ళు లేచారు. ఇన్ని ఊళ్ళలో ఇంతమంది, ముఖం తెలియని ఒక మనిషి వైరు కోసం పరిగెత్తుతున్నారని తల్చుకుంటే నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది.

మా ఊళ్ళో పాత లిఫ్టున్న కంటాసుపత్రి ఒకటే. అది మా కంపెనీ చూసేదే. ఆ వైపు చూసే మెకానిక్ సెలవులో ఉన్నాడు కాబట్టి అక్కడ ఎవరూ పని చేస్తుండరనుకున్నాను. అయినా వెళ్ళాను.

వాచ్‌మన్ గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“లిఫ్టుకి ఎవరైనా వచ్చారా?” అన్నాను.

“పొద్దున ఒకాయన వచ్చాడండి. స్విచ్ కట్టేసి, ఇప్పుడే వస్తానని ఫోన్లో మాట్లాడుకుంటూ వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. పేషెంట్లు మెట్లెక్కలేమని నా మీద పడ్డారు. ఇక నేనే పైకెళ్ళి స్విచ్ వేశాను. శుభ్రంగా ఆడుతోంది.”

శుభ్రంగా ఆడుతోందట! వాణ్ణి తిట్టే తీరిక కూడా లేక మెట్లెక్కాను.

మూడో అంతస్తులో పొడుగాటి బెంచీ మీద కళ్ళలో చుక్కలు వేయించుకున్నవాళ్ళు వరసగా కళ్ళు మూసుకుని కూర్చున్నారు. లిఫ్టు తలుపు పిడి పట్టుకుని లాగాను. కొట్టుగది తలుపులా తేలిగ్గా వచ్చేసింది. లోపల లిఫ్టు లేదు. చీకటి, గ్రీజు వాసన, కదులుతున్న తాళ్ళు. కింద ఎక్కడో ఎవరినో ఎక్కించుకుని అది మామూలుగా తిరుగుతోంది.

తలుపు మూసి, “ఈ తలుపు ఎవరూ ముట్టుకోకండి! కాసేపు ఎవరైనా ఇక్కడ నిలబడండి,” అని అరిచాను.

ఒక కంటికి దూది అంటించుకున్న ముసలాయన లేచాడు. “నేను నిలబడతాలే బాబూ. నాకు కనపడకపోతే మాత్రమేం, ఇంత మనిషిని, వాళ్ళకి తగులుతాను కదా,” అని తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

మోటారు గది తలుపు దగ్గరకి వేసి ఉంది. లోపల ప్యానెల్ మూత పడకుండా ఎర్ర వైరు పొడుగ్గా వేలాడుతోంది. మెయిన్ స్విచ్ దించాను. మోటారు ఆగింది. వైరు పీకి గుప్పిట్లో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. అప్పుడు మూలకి చూశాను. పనిముట్ల సంచి, దాని మీద కళ్ళజోడు పెట్టె, పక్కనే నల్ల గొడుగు. పిడికి తెల్ల టేపు.

తర్వాత వైరు ఫొటో తీసి పెట్టాను. ‘తీశాను. చూసి చెబుతున్నాను.’ గ్రూపంతా ఊపిరి పీల్చుకుంది. ‘చాదస్తం ఎవరు? బాగున్నాడా?’ అని పాత టైరు అడిగింది. ‘తెలియదు’ అని రాశాను. అది అబద్ధం.

కిందికెళ్ళి, ఆగిన లిఫ్టులో ఎవరూ లేరని చూసుకుని, మూడో అంతస్తు తలుపుకి గొలుసూ తాళం వేసి, ముసలాయన్ని కూర్చోబెట్టి మళ్ళీ పైకొచ్చేసరికి సూపర్‌వైజరు రొప్పుతూ వచ్చాడు. చొక్కా తడిసిపోయింది. ముందు ప్యానెల్ చూశాడు, తర్వాత నా చేతిలో వైరు చూశాడు, అప్పుడు నన్ను చూశాడు.

“హెడ్డాఫీసు నుంచి పెద్దాయన వచ్చారు. ఉన్నపళంగా రమ్మన్నారు. మీటింగులో ఫోన్లు బయట బుట్టలో పెట్టమన్నారు,” అన్నాడు. ఫోన్లు బుట్టలో పెట్టాలన్న నియమం ఆయన పెట్టిందే. “ఇప్పుడే ఫోన్ చేతికొచ్చింది. మీ అందరి మెసేజ్‌లూ...”

“స్విచ్ కట్టేశాను కదా అనుకున్నారు,” అన్నాను.

“అవును. కట్టేశాను కదా అనుకున్నాను.”

“స్విచ్ ఎవడైనా వేస్తాడు సార్! ఆ మాట మాకు నేర్పిందెవరు? పేషెంట్లు ఆ తలుపు పక్కనే కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నేను లాగితే ఊడొచ్చింది. ఇంకెవరైనా లాగుంటే?” నా గొంతు లేచింది. ఎదురుగా సూపర్‌వైజరున్నాడని తెలుస్తూనే ఉంది, ఆగలేకపోయాను. “వైరు వదిలి మీటింగుకి వెళ్తారా? బుద్ధుండక్కర్లేదా?”

ఆయన గ్రాంథికం మాట్లాడలేదు. “తిట్టరా గుండుసూదీ,” అన్నాడు. “తిట్టు. ఆఫీసులో ఈ మాట నన్నెవడూ అనడు. అనాలనే ఆ గ్రూపులో చేరాను. అక్కడా అందరినీ నేనే అన్నాను గానీ, ఎవడూ నన్ననే అవసరం రానివ్వలేదు.” గొడుగు తీసుకుని, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడ్డాడు. నాకు కోపం పోలేదు. జాలి మాత్రం వచ్చి కోపం పక్కన కూర్చుంది.

కాకి చెప్పిన కొలతలతో దగ్గర్లోనే కొత్తది చేయించి, ఇద్దరం కలిసి సాయంత్రానికల్లా ఆ లాకు మార్చాం.

మర్నాడు ఆయన మేనేజరుకి జరిగిందంతా చెప్పాడు. మేనేజరు, ఇది ఈ గది దాటకూడదన్నాడు. దాటలేదు. నా సంగతి మాత్రం దాటింది. గ్రూపులో ఎవరో నా కార్డు ఫొటో బయటికి పంపారు. ఎవరన్నది ఇప్పటికీ తెలియదు. నాకో మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది. ఉద్యోగం ఊడకుండా సూపర్‌వైజరు అడ్డం పడ్డాడని తర్వాత తెలిసింది. ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. “పోనీలెండి, ఒక మనిషి పడలేదు కదా,” అంది మా ఆవిడ. ఆ మాటతో నాకు అన్నం సహించింది.

గ్రూపు మాత్రం పాడైపోయింది. గొడవలేమీ కాలేదు, అందరూ మర్యాదస్థులైపోయారు. పాత టైరుని ‘అమ్మా’ అని పిలవడం మొదలుపెట్టారు. కాకి ఒక పెద్ద కంపెనీలో ఇంజినీరని తెలిసి నత్త ఆయనకి ‘సార్’ తగిలించాడు. ఒకరోజు కాకి ‘వైరు వేశాను’ అని పెడితే కింద వరసగా దణ్ణాలూ బొటనవేళ్ళూ పడ్డాయి. తీశావా అని ఒక్కడూ అడగలేదు. నేనడుగుదామని ‘ఏరా’ అని కొట్టి, ఆయన హోదా గుర్తొచ్చి చెరిపేశాను. ‘పని అయ్యిందాండీ?’ అని రాశాను. ‘అయ్యిందండీ, ధన్యవాదాలు’ అని వెంటనే జవాబొచ్చింది. మరీ వెంటనే వచ్చింది. చూసి చెప్పాడా, గుర్తుతో చెప్పాడా? ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజంతా భయంగానే గడిచింది.

పాత టైరే తెగించింది. ‘ఇక ఈ గ్రూపు మూసేస్తున్నా. కొత్తది తెరుస్తున్నా. అక్కడికి దారి, లింకు, ఈ కింద ఉంది. ఎవరు వస్తారో, ఏ పేరుతో వస్తారో నాకొద్దు. మీకూ వద్దు. ఊళ్ళు చెప్పుకోవాల్సిన రోజు మళ్ళీ వస్తే అప్పుడు చెప్పుకుందాం’ అని రాసి వెళ్ళిపోయింది. నేను ఆ దారినే వెళ్ళాను. అక్కడ అన్నీ కొత్త పేర్లే. చీపురు, బొంగరం, తాళంకప్ప, ఇంకేవేవో. నేనూ ఒక పేరు పెట్టుకున్నాను. అది మీకు చెప్పను.

సూపర్‌వైజరు కంపెనీ గ్రూపులో ఇంకా ‘గమనించగలరు’ అని పెడుతూనే ఉన్నాడు. మేం వేళ్ళు పెడుతూనే ఉన్నాం. ఆఫీసు మెట్ల మీద ఎదురైతే, “అంతా సక్రమమేనా?” అంటాడు. “సక్రమమే సార్,” అంటాను. మేమిద్దరం ఆ మోటారు గది ఊసే ఎత్తం.

మొన్న ఒక బట్టల కొట్టు లిఫ్టు చూడ్డానికి వెళ్ళాను. రెండో అంతస్తు లాకులో దారప్పోగులు ఇరుక్కున్నాయి. వేశాను అని పెట్టి, దారం లాగేసి, లాకు తుడిచి పైకొచ్చాను. లిఫ్టు మెత్తగా ఆడింది. కొట్టు యజమాని కింద నుంచే చప్పట్లు కొట్టాడు. సంచి సర్దుకుంటూ, ఒక చేత్తో ‘తీశాను’ అని పెట్టి, భుజానికి తగిలించుకుని గుమ్మం దాటాను.

ఫోన్ మోగింది. తాళంకప్ప.

‘ఏరా, చూసి చెబుతున్నావా, గుర్తుతో చెబుతున్నావా?’

నా అంతటివాణ్ణి పట్టుకుని అడుగుతాడేమిటని విసుక్కుంటూనే వెనక్కి తిరిగాను. ప్యానెల్ మూత తెరిచే ఉంది. ఎర్ర వైరు ఫ్యాను గాలికి చిన్నగా ఊగుతోంది.